కదిలితేనే మనిషని నమ్మే గది

పన్నెండేళ్లుగా నెలలో సగం రాత్రులు నాకు హోటళ్లలోనే తెల్లవారుతున్నాయి. కొత్తగా అమర్చిన యంత్రాలు సరిగా నడుస్తున్నాయో లేదో చూసి రావడం నా ఉద్యోగం. పరుపు మెత్తదనం గురించీ, సబ్బుల వాసన గురించీ, ఉదయపు ఫలహారం గురించీ ఇప్పటికే కావలసినంత మంది రాశారు. నేను రాయదలచుకున్నది గోడ మూలన, సీలింగ్‌కు కాస్త కింద బిగించే తెల్లటి డబ్బా గురించి. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, మధ్యలో పాలరంగు ప్లాస్టిక్ బుడిపె. గదిలో మనిషి ఉన్నదీ లేనిదీ కనిపెట్టి ఏసీని నడిపించేదీ ఆపేదీ ఆ సెన్సరే. దాని మీద నాకు రెండేళ్లుగా చల్లారని కోపం ఉంది.

మొదట్లో ఈ కోపం లేదు. పైగా దాన్ని పొగిడిన పాపం కూడా నాదే. అంతకు ముందు గదుల్లో తలుపు పక్కన కార్డు పెట్టే గూడు ఉండేది. కార్డు తీస్తే అర నిమిషంలో కరెంటు పోయేది. బయటికి వెళ్లేటప్పుడు కార్డు వెంట తీసుకెళ్లక తప్పదు కదా, ఛార్జింగ్‌లో పెట్టిన ఫోను, ల్యాప్‌టాప్ మనం తిరిగి వచ్చేదాకా ఖాళీ కడుపుతో ఎదురుచూసేవి. చాలా గూళ్లలో ఉన్నది కార్డు అంచు తగిలితే నొక్కుకునే మామూలు స్విచ్చేనని కొన్నాళ్లకు తెలిసింది. అప్పటినుంచి గడువు తీరిన గ్రంథాలయం కార్డు ఒకటి నా సంచిలో ఉండేది. తర్వాత వచ్చిన గూళ్లు కార్డులోని చిప్‌ను చదవడం మొదలుపెట్టాయి, నా గ్రంథాలయం కార్డుకు ఉద్యోగం పోయింది. సరిగ్గా ఆ రోజుల్లో సెన్సర్ గదులు తగిలాయి. గూడు లేదు, కార్డు దూర్చే పని లేదు, బయటికి వెళ్లినా ఫోను ఛార్జింగ్ అవుతూనే ఉంటుంది, ఆగేది ఏసీ ఒక్కటే. ఖాళీ గదిని చల్లబరచడం ఎంత వృథానో యంత్రాల మధ్య తిరిగేదాన్ని, నాకు తెలియనిది కాదు. కాబట్టి సహోద్యోగులందరికీ అడిగినా అడగకపోయినా చెప్పాను, దిగితే అలాంటి గదిలోనే దిగమని.

ఆ రాత్రి నేను దిగిన గదికి నిలువెత్తు అద్దం ఉంది కానీ, అది తెరుచుకునే కిటికీ కాదు. బయట ఎండాకాలం. పదకొండింటికి పడుకున్నాను. పన్నెండు దాటాక మెడ కింద దిండు తడిసి మెలకువ వచ్చింది. ఏసీ చప్పుడు లేదు. లేచి కూర్చోగానే మూలన ఎర్రటి చుక్క ఒకటి మినుక్కుమంది, వెంటనే గాలి మొదలైంది. సరే, కరెంటు పోయి వచ్చిందేమో అనుకుని పడుకున్నాను. ఒంటిగంటకు మళ్లీ అదే చెమట, అదే నిశ్శబ్దం, లేవగానే అదే ఎర్ర చుక్క.

కొత్తచోట మొదటి రాత్రి నాకు ఎలాగూ కలత నిద్రే. ఇది నా ఒక్కదాని జబ్బు కాదట. 2016లో బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, కొత్తచోట మొదటి రాత్రి మెదడులో ఎడమ సగం కుడి సగమంత గాఢంగా నిద్రపోదని, కాపలా కాస్తున్నట్టు చిన్న చప్పుడుకూ ఉలిక్కిపడుతుందని చూపించారు. అందుకని తప్పు నా నిద్రదేనేమో అని కూడా అనుమానించాను. మూడోసారి లేచినప్పుడు మాత్రం అనుమానం తీరింది. కదలకుండా పడుకుని చూశాను, కాసేపటికి టక్కుమని ఆగింది. చెయ్యి ఊపాను, నడిచింది. ఈ గదికి నేను బతికి ఉన్నట్టు అరగంటకోసారి రుజువు చూపించాలన్నమాట.

తెలివి ఉపయోగిద్దామని తువ్వాలును కుర్చీ వీపుకు, ఏసీ గాలి తగిలేచోట వేలాడదీశాను. అది రెపరెపలాడుతూనే ఉంది, ఏసీ ఆగిపోతూనే ఉంది. రెండున్నరకు రిసెప్షన్‌కు ఫోన్ చేశాను.

ఇలాంటి ఫోన్లకు నాకు అలవాటైన జవాబు "రిమోట్ బ్యాటరీ చూశారా మేడమ్?" అని. ఆ అమ్మాయి అలా అడగలేదు. చెప్పిందంతా విని, "ఐదు నిమిషాల్లో మా ఎలక్ట్రీషియన్ వస్తారు. ఆయనతో పాటు నేనూ పైకి వస్తాను. నా గొంతు విన్నాకే గడియ తీయండి" అంది. ఒంటరిగా తిరిగే ఆడవాళ్లకు ఈ మాట విలువ ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. అర్ధరాత్రి తలుపు అవతల ఎవరో మగగొంతు "మేడమ్, ఏసీ" అంటుంటే, లోపల గొలుసు పట్టుకుని నిలబడిన రాత్రులు నాకు చాలానే ఉన్నాయి.

ఎలక్ట్రీషియన్ పెద్దాయన. నిద్రలోంచి లేపి తీసుకొచ్చినట్టున్నారు, అయినా విసుగు లేదు. వేలాడుతున్న తువ్వాలును చూసి నవ్వారు.

"దీనికి కనబడేది కదలిక కాదమ్మా, కదిలే వేడి."

బుడిపె లోపలి గీతలను టార్చితో చూపించారు. ఆ గీతలు గదిని ముక్కలు ముక్కలుగా విడదీస్తాయి. మన ఒంటినుంచి వచ్చే పరారుణ కిరణాలు ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి దాటినప్పుడే సెన్సర్‌కు మనిషి ఉన్నట్టు తెలుస్తుంది. తువ్వాలుకూ గోడకూ వేడిలో తేడా లేదు కనుక, ఎంత ఊగినా అది గోడ కిందే లెక్క. దుప్పటి కప్పుకుని కదలకుండా పడుకున్న మనిషి కూడా ఇంచుమించు అంతే.

"మరి మిగతా గదుల్లో అందరూ నిద్రపోతున్నారు కదా?" అన్నాను.

"అక్కడ తలుపు కూడా సాక్ష్యం చెబుతుంది" అన్నారాయన.

సెన్సర్ ఒంటరిగా పని చేయకూడదట. తలుపు మీద ఒక అయస్కాంతం, ఎదురుగా చట్రం మీద చిన్న స్విచ్చు ఉంటాయి. తలుపు మూసుకున్న తర్వాత ఒక్కసారి కదలిక కనబడితే చాలు, మనిషి లోపలే ఉన్నట్టు లెక్క. మళ్లీ తలుపు తెరిచేదాకా ఎంతసేపు కదలకపోయినా ఏసీ ఆగదు. యంత్రాల పనిలోకి వచ్చాక ఇంత చక్కటి తర్కం నేను తక్కువసార్లు చూశాను, కోపంలోనూ ఒప్పుకుంటున్నాను. నా గదిలో తలుపు పైఅంచున అయస్కాంతం ఉండవలసిన చోట ఎండిపోయిన జిగురు మరక మాత్రమే ఉంది. అంటే వ్యవస్థ దృష్టిలో ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంది. ఇక దానికి మిగిలిన ఆధారం కదలిక ఒక్కటే.

ముగ్గురం వెతికాం. ఆయన తివాచీ అంచులు ఎత్తి చూశారు, నేను చెప్పుల గూడు లాగాను. చివరికి దొరికింది ఆ అమ్మాయికి. పెట్టెలు పెట్టుకునే బల్ల ఇనుప కాలికి, లోపలివైపు, బల్లిలా కరుచుకుని ఉంది. ఎన్నాళ్లనుంచి ఉందో, ఎంతమంది నాలాగే చెమటలో లేచారో! పెద్దాయన దాన్ని తుడిచి, తలుపు మీద పెట్టి, నల్లటి ఇన్సులేషన్ టేపుతో రెండు చుట్లు అంటించారు. తలుపు మూసి, నన్ను అటూఇటూ నడవమన్నారు. "రేపే కొత్తది వేయిస్తాం" అని ఇద్దరూ వెళ్లిపోయారు. ఏసీ తెల్లవార్లూ నడిచింది. నేను మాత్రం నాలుగింటికి లేచి, నడుస్తోందో లేదో చూసి మళ్లీ పడుకున్నాను.

ఎనిమిది నెలల తర్వాత అదే ఊళ్లో పని పడితే, వెతుక్కుంటూ అదే హోటల్‌కు వెళ్లాను. గది కూడా అదే దొరికింది. తలుపు మీద అదే నల్లటి టేపు, అంచు ముడుచుకుపోయి, దుమ్ము పట్టి. పనిచేస్తోంది, అది వేరే సంగతి. ఆ అమ్మాయి అక్కడ మానేసింది. వేడినీళ్లు రావడం లేదని ఫోన్ చేస్తే కొత్త కుర్రవాడు "గీజరు స్విచ్చు వేశారా మేడమ్?" అన్నాడు. వేశాను. హోటల్ మంచిదని ఇదివరకు నలుగురికి చెప్పినదాన్ని, ఇప్పుడు ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఇద్దరూ మంచివాళ్లని మాత్రమే చెబుతున్నాను.

ఈ రెండేళ్లలో సెన్సర్ ఇంకో రెండుచోట్ల సతాయించింది. ఒకచోట అలమర అడ్డొచ్చి దానికి మంచమే కనబడదు. ఇంకోచోట తప్పు ఏమిటో తెలుసుకునే ఓపిక లేక గది మార్పించుకున్నాను. మిగతా చోట్ల చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు.

కాబట్టి ఇలాంటి గదులు వద్దని చెప్పలేను. నేను పడుకుంటే కొయ్యదుంగనే, పక్క మార్చను. మీతో పిల్లలుంటే, లేదా ఇద్దరు ముగ్గురు ఒకే గదిలో ఉంటే, ఎవరో ఒకరు దొర్లుతూనే ఉంటారు, ఈ తంటా మీకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. కిటికీ తెరుచుకునే గది అయినా పరవాలేదు. పైగా నా బిల్లు ఆఫీసు కడుతుంది, మాటకు ముందు గది మార్చమని అడగగలను. సొంత డబ్బుతో వెళ్లేవాళ్లకు, ఒక్క రాత్రి మజిలీకి, అంత పట్టుదల అవసరమా అన్నది వాళ్లే తేల్చుకోవాలి. ఒంటరిగా వెళ్లేవాళ్లు మాత్రం పెట్టె దించగానే తలుపు పైఅంచు ఒకసారి చూడండి. ఎదురెదురుగా రెండు చిన్న ముక్కలు ఉంటే సగం దిగులు తీరినట్టే. కొన్నిచోట్ల అవి తలుపు లోపలే దాగి ఉంటాయి, అప్పుడు కదలకుండా అరగంట కూర్చుని చూడడమే దారి.

నా సంచిలో గ్రంథాలయం కార్డు ఇంకా ఉంది. దాని పక్కన ఇప్పుడు నల్లటి టేపు చుట్ట ఒకటి చేరింది. ఇప్పటికి రెండుసార్లు వాడాను, రెండుసార్లూ టీవీ కింద రాత్రంతా వెలిగే ఎర్రలైటు కనబడకుండా అంటించడానికే.