రెక్కకు తోలుండాలె: నల్లగొండ నుంచి పాలమూరు దాక బఫెలో వింగ్స్

బఫెలో వింగ్స్, అంటే నూనెల వేయించి మిర్చి సాస్‌ల దొర్లించిన కోడి రెక్కలు, ప్లేటుల టేబుల్ మీదికి రాంగనే నేను ముందుగాల తోలు చూస్త. సాస్ సంగతి తర్వాత. ముక్కను రెండు వేళ్లతోటి పట్టుకుని కొద్దిగ ఒత్తితే పైన తోలు పటుక్కున పగలాలె, లోపల కండ బొక్క నుంచి సుతారంగ ఊడి రావాలె. తోలు మెత్తగ జారి పక్కకొచ్చిందంటే నూనె సరిగ కాగకముందే రెక్కలు వేసిండ్రు. ఇగ తోలే లేకుండ పైన మైదా, కార్న్‌ఫ్లోర్ పొర మాత్రమే ఉంటే, ఎంత మంచిగున్నా అది చికెన్ సిక్స్‌టీఫైవే. దానికి వింగ్స్ అని పేరు పెట్టి డబ్బులు ఎక్కువ తీసుకునుడు నాకు నచ్చదు.

నేను కోళ్ల దాణా కంపెనీల సేల్స్ పని చేస్త. మిర్యాలగూడ, హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల, పాలమూరు, ఈ లైను మొత్తం ఫారాల చుట్టు తిరుగుడే. పొద్దుగూకి ఏ ఊళ్ల ఆగితే ఆ ఊళ్ల తింట. ఈ మధ్య చిన్న చిన్న కేఫులల్ల కూడ మెనూ కార్డు మీద బఫెలో వింగ్స్ కనపడుతున్నయ్. ఇంటర్ చదివే మా బిడ్డకు ఇవంటే ప్రాణం, నల్లగొండల తిన్నప్పుడల్ల ఆమె కూడ పక్కనే ఉంటది. హోటళ్ల పేర్లు మాత్రం రాస్తలేను. మన దిక్కు మాస్టర్ మారితే నెల తిరగంగనే రుచి మారుతది, బోర్డు అదే ఉంటది. ఏ దిక్కు ఎట్లున్నయ్, పోయినప్పుడు ఏమడగాలె, అది చెప్తె మీకు ఎక్కువ పనికొస్తది.

ఈ పేరు బర్రె నుంచి రాలేదు, అమెరికాల న్యూయార్క్ రాష్ట్రంల ఉన్న బఫెలో అనే ఊరి నుంచి వచ్చింది. 1964ల అక్కడి యాంకర్ బార్‌ల తెరెసా బెల్లిసిమో అనే ఆమె మొదలుపెట్టిందని ఎక్కువమంది చెప్పుకుంటరు. అప్పటిదాక రెక్కలంటే సూపుల ఉడకబెట్టే ముక్కలు. ఆమె పిండి ఏం పట్టించకుండ రెక్కలను నూనెల వేయించి, మిర్చి సాస్‌ల వెన్న కరిగించి అందుట్ల దొర్లించి, పక్కన సెలెరీ అనే ఆకుకూర కాడలు, బ్లూ చీజ్ అనే ఘాటు వాసన చీజ్ పెట్టి ఇచ్చింది. అదే ఊళ్ల, ఆ రోజులల్లనే జాన్ యంగ్ అనే నల్లజాతి వంటాయన రెక్కను కొయ్యకుండ, పిండి పట్టించి, మంబో సాస్ తోటి అమ్మేటోడు. ఈ ముచ్చట చెప్పేటప్పుడు ఆయన పేరు వదిలిపెట్టుడు న్యాయం కాదు. 1977 జూలై 29ని ఆ ఊరోళ్లు చికెన్ వింగ్ డే అని ప్రకటించుకున్నరు కూడ.

అసలు రుచి నాకు మా బామ్మర్ది వల్ల తెలిసింది. అమెరికా నుంచి దసరాకు వచ్చినప్పుడు ఫ్రాంక్స్ రెడ్‌హాట్ సీసా తెచ్చి, మా ఇంట్లనే చేసి పెట్టిండు. ఆ సాస్‌ల కయెన్ మిర్చి, వెనిగర్, ఎల్లిగడ్డ, ఉప్పు ఉంటయ్. ఒట్టిగ నాకి చూస్తే పులుపే ముందు తగులుతది, మన గుంటూరు కారం ముందు అది కారమే కాదు. కానీ కరిగిన వెన్న కలిసినంక అది వేరే సరుకు అయితది. మిర్చిల మంట పుట్టించే క్యాప్సైసిన్ కొవ్వుల కరుగుతది, నీళ్లల్ల సరిగ కరగదు. అందుకే వెన్నతోటి కలిసిన కారం నాలుకను ఒక్కసారే గుచ్చకుండ మెల్లమెల్లగ ఎక్కుతది. పులుపు, వెన్న, కారం, ఉప్పు, ఈ నాలుగు తప్ప ఇంకేం వద్దు. చక్కెర అసలే వద్దు.

నల్లగొండల క్లాక్ టవర్ దిక్కు ఉన్న ఫాస్ట్‌ఫుడ్ సెంటర్ల సంగతి ముందు చెప్త. అక్కడ వింగ్స్ అంటే లాలీపాపే. రెక్కల భుజం దిక్కు ముక్కను తీసుకుని, కండను ఒక చివరకు నూకి, ఎర్ర రంగు కలిపిన పిండిల ముంచి వేయిస్తరు. దాన్నే షెజ్వాన్ సాస్, టమాటా కెచప్ కలిపిన కడాయిల తిప్పి, పైన ఉల్లికాడలు చల్లితే బఫెలో అయిపోతది. వేడివేడిగ తింటే బాగనే ఉంటది, కడుపు నిండుతది, అగ్వకు వస్తది. కానీ వేళ్లకంటిన ఎరుపు సబ్బుతోటి కడిగినా పోలే. మెనూల లాలీపాప్ అని రాసి ఇస్తే నాకు ఏ ఫిర్యాదు లేదు.

హైదరాబాద్ రోడ్డు మీది ఒక ఫ్యామిలీ రెస్టారెంట్ ఇంతకంటె నయం. రెక్కను కీలు దగ్గర రెండు ముక్కలు చేసి, కొస తీసేసి ఇచ్చిండ్రు. బొద్దుగ ఉండే భుజం ముక్క, లోపల రెండు సన్న బొక్కలుండే నడిమి ముక్క, రెండూ ప్లేటుల ఉన్నయ్. నాకు నడిమి ముక్కనే ఇష్టం. కండ తక్కువైనా తోలు ఎక్కువ, రెండు బొక్కల నడుమ సాస్ నిలుస్తది. వేయించుడు వంక పెట్టేటట్టు లేదు. అయితే సాస్ మొత్తం తీపి. కెచప్ ఎక్కువేసి పైకెల్లి తేనె కూడ పోసినట్టున్నరు. సర్వర్ పిల్లగాన్ని పిలిచి, "తమ్మీ, మాస్టర్‌ను అడుగు, తీపి లేకుండ బటర్, వెనిగర్, కారం తోటి చేస్తడా?" అంటే, లోపలికి పోయొచ్చి "చేస్తడంట సార్, కానీ మెనూల లేదు కాబట్టి మల్ల ఫుల్ ప్లేట్ చెప్పాలంట" అన్నడు. చెప్పినం. వచ్చినయ్. మా బిడ్డ ఒక ముక్క కొరికి, "డాడీ, ఇది మామయ్య చేసినదాని లెక్కనే ఉంది" అన్నది. అంటే ఆ మాస్టర్‌కు చెయ్యొస్తది, అడిగేటోళ్లు లేక తీపిది పెడుతుండు. మీరు పోతే అడగండ్రి. అడిగేటోళ్లు పెరిగితేనే అది మెనూలకు ఎక్కుతది.

మరి ఎక్కువ చోట్ల తోలుతోటి ఎందుకు దొరకయ్? దీని జవాబు చికెన్ సెంటర్‌ల ఉంది. మన దగ్గర కోడిని కోసినంక ఈకలతోటి పాటే తోలును ఒక్క గుంజుడు గుంజి తీసేస్తరు. కాళ్ల దగ్గర కత్తితోటి గీత పెట్టి, చొక్కా విప్పినట్టు పైకి లాగితే నిమిషంల పని అయిపోతది. స్కిన్‌లెస్ అంటే ఇదే. రెక్కల దగ్గర తోలు బొక్కకు గట్టిగ అంటుకుని ఉంటది, అక్కడ గుంజితే కండ కూడ చినుగుతది, కొసలు ఎట్లాగూ కొట్టేస్తరు. విత్‌స్కిన్ కావాలంటే కోడిని వేడినీళ్ల డ్రమ్ముల ముంచాలె. నీళ్లు ఎక్కువ కాగితే తోలు ఉడుకుతది, తక్కువ కాగితే ఈకలు రావు. తర్వాత రబ్బరు వేళ్లుండే మిషన్ల వేసి తిప్పాలె. అంత చేసినా రెక్క కీళ్లల్ల సన్న ఈకలు మిగుల్తయ్, వాటిని ఒక్కొక్కటి చేత్తోటి పీకాలె. ఆదివారం పొద్దున దుకాణం ముంగట మంది లైను కట్టి ఉన్నప్పుడు ఈ పని ఎవరు చేస్తరు? అందుకే కేఫులోళ్లు ఎక్కువమంది లాలీపాప్ ముక్కలు తీసుకుంటరు, లేకుంటే ఫ్రోజెన్ ప్యాకెట్ తెప్పిస్తరు. ఫ్రోజెన్ అయినా తోలున్నది తెస్తే నాకు సమ్మతమే. అయితే ఐసు పూర్తిగ కరిగి, బట్టతోటి తడి తుడిచినంకనే నూనెల వెయ్యాలె. తడి ఉన్నంత సేపు నూనెల ఉన్న వేడి అంతా నీళ్లను ఆవిరి చేసుడుకే పోతది, తోలు కరకరలాడదు.

కోడి సైజు కూడ చూసుకోవాలె. రెండు కిలోలు దాటిన కోడికి రెక్క నిండుగ ఉంటది. ఎండకాలంల ఎండదెబ్బకు కోళ్లు చస్తయన్న భయంతోటి రైతులు బరువు రాకముందే లిఫ్టింగ్ ఇస్తరు, అంటే కోళ్లను అమ్మకానికి ఎత్తిస్తరు, ఆ ఎండకు అవి మేత కూడ సరిగ తినవు. ఆ నెలలల్ల ఏ హోటల్‌ల తిన్నా రెక్కలు బక్కగనే ఉంటయ్, వాళ్లను అనేదేం లేదు. చలికాలం తింటే తేడా మీకే తెలుస్తది.

మిర్యాలగూడల ఒక బేకరీ పైన కేఫ్ ఉంది, అక్కడ బఫెలో చికెన్ బర్గర్, ర్యాప్, పిజ్జా అన్నీ ఉన్నయ్. బర్గర్ తిన్న. బోన్‌లెస్ రొమ్ము ముక్క, పైన మయొనీస్ వరద. బఫెలో సాస్ దాని కింద ఎక్కడో ఉంది. జడ్చర్లల హైవే పక్కన ఒక చోట పాప్‌కార్న్ చికెన్ మీద సాస్ పోసి ఇచ్చిండ్రు, అది పిల్లలకు నచ్చుతది. ఈ బోన్‌లెస్ రకాల మీద నేను ఎక్కువ రాయను. బొక్క లేకుంటే ఈ వంటల సగం రుచి పోయినట్టే.

మయొనీస్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలె. పచ్చి గుడ్లతోటి చేసే మయొనీస్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. అది మంచి పని. పచ్చిగుడ్డుల సాల్మొనెల్లా అనే రోగం తెచ్చే క్రిమి ఉండొచ్చు, మన ఎండలకు బయట పెట్టిన గిన్నెల అది పెరుగుడు ఎంత సేపు? కోళ్ల ఫారాలు తిరిగేటోన్ని, నేను చెప్పేది ఇదే: తెల్ల డిప్ ఇస్తే ఎగ్‌లెస్సా, ఫ్రిజ్జుల నుంచి తీసిండ్రా అని అడగండ్రి. సమాధానం నసుగుతే ముట్టకండ్రి.

ఇగ పాలమూరు. ఈ లైనంతటిల నేను మనస్ఫూర్తిగ చెప్పే చోటు ఇక్కడనే ఉంది. మెట్టుగడ్డ దిక్కు ఒక సందుల చిన్న దుకాణం, నాలుగే టేబుళ్లు. వండేటాయన ఈ జిల్లా మనిషే. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు వలసపోయినోళ్లు ఎంతమందో మనకు తెలుసు. ఈయన అట్లనే పోయి, పుణెల ఒక పబ్ కిచెన్‌ల గిన్నెలు కడుగుడుతోటి మొదలుపెట్టి ఫ్రయ్యర్ మీదికి వచ్చిండంట. ఇప్పుడు సొంతూరు పక్కనే పొయ్యి పెట్టుకున్నడు.

వంటిల్లు కౌంటర్ వెనకనే, అంతా కనపడుతది. రెక్కలు తోలుతోటే ఉన్నయ్. తెలిసిన చికెన్ సెంటరాయన పొద్దున గిరాకీ మొదలుకాకముందే వేడినీళ్ల పని చేసి ఇస్తడంట, కిలోకు ఇంత అని ఎక్కువ తీసుకుంటడు. ఉప్పు, చిటికెడు బేకింగ్ పౌడర్ రాసి, జాలీ మీద పరిచి, మూత లేకుండ ఫ్రిజ్జుల పెడుతడు. సాయంత్రానికి తోలు మీద తడి ఆరిపోయి కాగితం లెక్క అయితది. ఆర్డర్ చెప్పినంకనే నూనెల వేస్తడు, పది నిమిషాలు దాటుతది, తొందరపెట్టొద్దు. మొదట్ల నూనె గలగల మోగుతది, నీరు పోయినకొద్ది ఆ మోత తగ్గుతది. ఆయన గడియారం చూడడు, ఆ మోత ఇంటడు. తీసి నూనె వారినంక స్టీలు బేసిన్ల వేసి, పక్క పొయ్యి మీద గోరువెచ్చగ ఉన్న సాస్ రెండు గంటెలు పోసి, బేసిన్ పట్టుకుని మూడు నాలుగుసార్లు ఎగరేస్తడు. సాస్ ఆయన సొంతం. ఎండు మిరపకాయలు వెనిగర్‌ల నానబెట్టి, ఎల్లిగడ్డ వేసి రుబ్బి, వడగట్టి, దించేముందు బటర్ కలుపుతడు. అమెరికా సీసాకంటె కారం ఒక మెట్టు ఎక్కువ, పులుపు సమానం. రంగు వెయ్యడు, అందుకే ఎరుపు కొంచెం నారింజ మీద ఉంటది. ప్లేటు అడుగున సాస్ మడుగు కట్టదు, ముక్కకు ఎంత కావాల్నో అంతే పట్టి ఉంటది.

బ్లూ చీజ్ లేదు. దాని బదులు గట్టి పెరుగును బట్టల కట్టి నీళ్లు వారగొట్టి, ఉప్పు, మిరియాలు, కొంచెం ఎల్లిగడ్డ కలిపి ఇస్తడు. సెలెరీ బదులు కీరా, క్యారెట్ ముక్కలు. బ్లూ చీజ్‌ల ఉండే ఆ ఘాటు వాసన రాదు, నిజమే. కానీ కారం ఎక్కినప్పుడు సల్లటి పెరుగు నాలుక మీద పడితే మన నోటికి అదే సరైన జోడీ అనిపించింది.

లోటు లేదా అంటే ఉంది. సోమవారం పోయినప్పుడు నూనె పాతదై కొంచెం చేదు తగిలింది, ఆయనకే చెప్పిన. "నిజమే సార్, ఆదివారం గిరాకీ అయినంక మార్చాల్సి ఉండె" అన్నడు, ఆ ప్లేటు పైసలు తీసుకోలే. కూసునేటందుకు జాగ తక్కువ, బండి పెట్టేటందుకు ఇంకా తక్కువ. ఆరు ముక్కలకు రెండొందల ఇరవై, ఆ సందుకు అది పిరమే. తోలున్న రెక్క తెప్పించుడు, బటర్ ధర చూసుకుంటే నేను మాత్రం ఇవ్వదగ్గ ధరే అంట.

పార్సెల్ తీసుకుంటే డబ్బాల ఆవిరికి తోలు మెత్తబడుతది. తప్పనిసరైతే సాస్ వేరే కట్టియ్యమని చెప్పి, ఇంటికి పోయినంక ముక్కలను పెనం మీద ఒకసారి వేడి చేసి అప్పుడు కలుపుకోండ్రి. దుకాణం సాయంత్రం ఆరింటికి తెరుస్తడు. శని, ఆదివారాలు ఎనిమిదిన్నరకే రెక్కలు అయిపోతయ్. పొద్దున ఫోన్ చేసి చెప్తె మీ ప్లేటు లెక్కల పెట్టుకుంటడు, నంబర్ షట్టర్ మీద రాసి ఉంది.