ఏడేళ్లుగా మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాడుతున్నా, నా గోల ఇదీ

ప్రతి నెలా అవే నలభై చార్టులు స్ప్రెడ్‌షీట్‌లో చేత్తో మార్చి మార్చి విసుగెత్తి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోకి వచ్చాను, వచ్చిన మొదటి రోజు నుంచీ అందులో చార్టులు గీసే లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్బే. మధ్యలో రెండుసార్లు అలిగి వేరేవాటి దగ్గరికి పోయాను, మళ్లీ దీని దగ్గరికే వచ్చాను. కాబట్టి ఇది బాగా తిట్టుకుంటూ కూడా వదలలేనోడి రివ్యూ అనుకుని చదవండి.

దీని తిక్కలో సగం పుట్టుకతో వచ్చింది. జాన్ హంటర్ అని ఒక న్యూరోబయాలజిస్ట్, మూర్ఛ రోగుల మెదడు సిగ్నల్స్ చూసుకోడానికి మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడలేక దీన్ని ఆయనే రాసుకున్నారు, 2003లో బయటికొచ్చింది. (పాపం 2012లో, 44 ఏళ్లకే పోయారాయన.) మ్యాట్‌ల్యాబ్ అలవాటైన చేతులకి కొత్తగా అనిపించకూడదని పైన పైప్లాట్ అనే పొర ఉంటుంది, అది "ఇప్పుడు ఏ బొమ్మ మీద పని నడుస్తోంది" అన్నది తనే గుర్తుపెట్టుకుంటుంది, లోపల మాత్రం ఫిగర్ (మొత్తం కాగితం), యాక్సెస్ (axes, అందులో ఒక్కో బొమ్మ గీసే చోటు) అని వేరే లెక్క. అందుకే ఒక్క పనికి రెండు దార్లు. నెట్‌లో దొరికే కోడ్ కొంత ఈ దారి కొంత ఆ దారి, రెండూ కలిపి పేస్ట్ చేశామా, నాలుగు బొమ్మల పేజీలో మొదటిదానికి పెట్టిన టైటిల్ పోయి ఆఖరిదాని నెత్తిన కూర్చుంటుంది. కొత్తవాళ్లెవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే, మొదటి లైన్‌లోనే సబ్‌ప్లాట్స్ అనే ఫంక్షన్ పిలిచి యాక్సెస్ చేతిలో పట్టుకోండి, తర్వాత ప్రతి పనీ దానితోనే చెప్పండి. నాకీ ముక్క తెలియడానికి ఏడాది పట్టింది.

ఇక అసలు దెబ్బ. ఒకసారి అమ్మకాల సీఎస్‌వీ ఫైల్ వచ్చింది, అందులో అంకెల మధ్య కామాలున్నాయి, 1,250 అని ఇలా. పట్టికల డేటా చదివే పాండాస్ లైబ్రరీ వాటిని సంఖ్యలుగా కాక అక్షరాలుగా చదువుకుంది. నేను చూసుకోలేదు, ప్లాట్ కొట్టాను, ఎర్రర్ లేదు ఏం లేదు, గీత మాత్రం కింద ఎడమ మూల నుంచి పై కుడి మూలకి దారం లాగి కట్టినట్టు ఎక్కింది. అబ్బో ఏం పెరుగుదల అని మురిసిపోయి మీటింగ్‌లో పెట్టేశాను. ఒకావిడ "బాబూ, 1,250 కన్నా పైన 980 ఎందుకుంది?" అని అడిగేదాకా నేను నిలువు యాక్సిస్ వంక చూసిందే లేదు! జరిగిందేంటంటే, అక్షరాలు ఇస్తే ఇది ఒక్కో విలువనీ ఒక్కో పేరు అనుకుంటుంది, వచ్చిన వరసలోనే ఒక్కో మెట్టు పైకి పెడుతుంది, ఇక గీత ఎక్కక ఏం చేస్తుంది. ఫైల్ చదివేటప్పుడు థౌజండ్స్ అనే ఆప్షన్‌కి కామా ఇస్తే సరిపోయేది. అప్పట్నుంచి ప్లాట్ కొట్టే ముందు డీటైప్స్ (ఏ కాలమ్ సంఖ్యలో, ఏది అక్షరాలో) చూడకుండా చెయ్యి కదలదు.

షో చేశాక సేవ్ చేస్తే తెల్లకాగితం రావడం అందరికీ ఒకసారి అయ్యే అనుభవమే, దాని గురించి చెప్పను. లూప్‌లో చార్టులు గీసి క్లోజ్ చెయ్యకపోతే 20 ఫిగర్లు దాటగానే వార్నింగ్ ఇస్తుంది, దాన్ని పట్టించుకోకపోతే మెమరీ మొత్తం మింగేస్తుంది. రెండు లక్షల చుక్కల స్కాటర్‌ని పీడీఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు రాస్టరైజ్డ్ (చుక్కలన్నిటినీ ఒకే ఫోటోలా మార్చే ఆప్షన్) ఆన్ చెయ్యండి, లేకపోతే ఫైల్ తెరిచినవాళ్లు మిమ్మల్ని తిట్టుకుంటారు.

ఇప్పుడు నా కడుపుమంట, తెలుగు లేబుల్స్. మామూలుగా దీనితో వచ్చే ఫాంట్ డేజావు శాన్స్, అందులో తెలుగు లేదు కాబట్టి అన్నీ డబ్బాలే. సరే అని నోటో శాన్స్ తెలుగు పెట్టాను, డబ్బాలు పోయాయి, "ఉత్పత్తి" అని రాస్తే "ఉత్‌పత్‌తి" అని వచ్చింది. నేను వాడిన వెర్షన్లన్నిట్లో ఇదే కథ, అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోవడమే తప్ప ఒత్తుని తీసుకెళ్లి కింద పెట్టాలని దానికి తెలియదు. రెండు రాత్రులు తలబాదుకున్నాక దొరికిన దారి ఏంటంటే, బ్రౌజర్‌లో తెరుచుకునే ఎస్‌వీజీ బొమ్మగా సేవ్ చేస్తూ ఎస్‌వీజీ ఫాంట్‌టైప్ సెట్టింగ్‌ని నన్ (none) అని పెట్టడం. అప్పుడది అక్షరాల్ని గీతలుగా మార్చకుండా టెక్స్ట్‌గానే వదిలేస్తుంది, బ్రౌజర్ తెరిచి ఒత్తులు చక్కగా వేసుకుంటుంది. కాకపోతే పదం వెడల్పు లెక్క తప్పుతుంది, పొడుగు లేబుల్స్ కాస్త పక్కకి జరుగుతాయి, చేత్తో సర్దుకోవాలి.

మంచి చెప్పకపోతే పాపం. 2017లో వచ్చిన 2.0 వెర్షన్‌తో మామూలుగా వచ్చే జెట్ అనే రంగుల వరస తీసి విరిడిస్ అనేది పెట్టారు, ఎంత మేలో. జెట్‌లో మధ్యలో పసుపు పట్టీ మెరుస్తూ డేటాలో లేని అంచుల్ని చూపించేది, విరిడిస్ నలుపు తెలుపులో ప్రింట్ తీసినా ఎక్కువ తక్కువలు తెలుస్తాయి. 3.5 నుంచి లేఅవుట్‌ని కన్‌స్ట్రెయిన్డ్ అని ఇస్తే లేబుల్స్ ఒకదాని మీద ఒకటి ఎక్కే గొడవ చాలావరకు తగ్గింది.

సీబోర్న్ అనే ఇంకో చార్టుల లైబ్రరీ వాడొచ్చుగా అంటారు, వాడతాను, కానీ అదీ దీని మీదే నిలబడింది, చివర్లో టిక్కులు సర్దాలంటే మళ్లీ ఇక్కడికే రావాలి. మౌస్ పెడితే విలువ కనపడాలంటే ప్లాట్లీ, అందులో సందేహం లేదు. కాగితం మీదకో పీడీఎఫ్‌లోకో వెళ్లే బొమ్మ అయితే మాత్రం నేను దీన్ని దాటి పోను. మొదటి ఏడాది రాసిన స్క్రిప్ట్ మొన్న రన్ చేశాను, రెండు వార్నింగులు అరిచి ఆ పాత నలభై చార్టుల్నీ నిమిషంలోపే పడేసింది.

5కి 4 ఇస్తున్నా. ఆ పోయిన ఒక్కటి "ఉత్‌పత్‌తి" ఖాతాలోకి.