లీవర్ హార్పా, పెడల్ హార్పా: పిల్లల తొలి కచేరీకి ఏది మేలు?

హార్ప్ (నిలబెట్టి రెండు చేతుల వేళ్లతో తీగలు మీటే పాశ్చాత్య వాద్యం) నేర్చుకుంటున్న పిల్లలకు కచేరీ ఖాయం కాగానే పెద్దవాళ్లలో చర్చ మొదలవుతుంది. పెడల్ హార్ప్ అయితేనే వేదిక నిండుగా ఉంటుందని ఒకరు, ఉన్న లీవర్ హార్ప్ చాలదా అని ఇంకొకరు. చాలామంది పిల్లల విషయంలో నా ఓటు లీవర్ హార్ప్‌కే, కాకపోతే దానికో హద్దుంది.

పెద్ద పెడల్ హార్ప్‌కి 47 తీగలు, 7 పెడల్స్. ఎత్తు దాదాపు ఆరడుగులు, బరువు 35 కిలోల పైమాటే. లీవర్ హార్ప్‌లలో కాస్త పెద్దవాటికి 34, 36 తీగలు ఉంటాయి. పెద్దవాళ్లు ఒక్కరే ఎత్తి కారులో పెట్టేయొచ్చు.

అసలు తేడా స్వరం మార్చే పద్ధతిలో ఉంది. లీవర్ హార్ప్‌లో తీగకో మీట (లీవర్). దాన్ని ఎత్తితే ఆ ఒక్క తీగే అర్ధస్వరం పెరుగుతుంది. పీస్ మధ్యలో మార్చాలంటే ఎడమ చెయ్యి తీగలు వదిలి, సరైన మీట దొరకబుచ్చుకుని, టక్కున ఎత్తి వెనక్కి రావాలి. ఈలోగా కుడి చెయ్యి ఆగకూడదు. ఒకటి రెండు మార్పులైతే పిల్లలు సరదాగా చేసేస్తారు. వరసగా నాలుగొస్తే టెన్షన్. పెడల్ హార్ప్‌లో ఈ పని పాదాలది. ఒక్కో పెడల్‌కి ఫ్లాట్ (అర్ధస్వరం తక్కువ), నేచురల్ (మామూలు స్వరం), షార్ప్ (అర్ధస్వరం ఎక్కువ) అని మూడు స్థానాలు. ‘ఎఫ్’ స్వరానికి చెందిన పెడల్ కదిపితే ‘ఎఫ్’ తీగలన్నీ ఒకేసారి మారతాయి, చేతులు ఎక్కడివక్కడే ఉంటాయి. పెడల్ గాడిలో సరిగ్గా కూర్చోకపోతే మాత్రం తీగ జుయ్యిమని మోగి పరువు తీస్తుంది.

లీవర్ హార్ప్‌ని ఈ-ఫ్లాట్ మేజర్ స్కేల్‌లో (మూడు ఫ్లాట్లున్న స్వరాల వరస) శ్రుతి చేసుకుంటే మూడు ఫ్లాట్ల నుంచి నాలుగు షార్పుల దాకా ఎనిమిది మేజర్ స్కేళ్లు అందుతాయి. పిల్లల పీస్‌లకు ఇది ధారాళంగా సరిపోతుంది. ‘అసలైన హార్ప్ పెడల్‌దే’ అనేవాళ్లకు ఒక మాట: ఇప్పటి పెడల్ హార్ప్‌కి మూలమైన, వాద్యాల తయారీదారు ఎరార్డ్ పేటెంట్ 1810 నాటిది. స్వరకర్త హ్యాండెల్ హార్ప్ కన్చెర్టో (హార్ప్ ప్రధానంగా ఆర్కెస్ట్రాతో సాగే రచన) అంతకు చాలా ముందే, 1736లోనే వినిపించింది. హద్దు ఎక్కడంటే, ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ 1905లో ఎరార్డ్ కంపెనీ కోసం రాసిన ‘ఇంట్రడక్షన్ అండ్ అలెగ్రో’ లాంటి, స్వరాలు గబగబా మారే రచనల దగ్గర. ఆ స్థాయికి వచ్చినవాళ్లకు పెడల్ తప్పదు.

శరీరం సంగతీ చూడాలి. హార్ప్‌ని కుడి భుజం మీదికి వాల్చుకుని, వెన్ను నిటారుగా ఉంచి కూర్చున్నప్పుడు రెండు పాదాలూ పెడల్స్‌కి సుఖంగా అందాలి. బల్ల అంచుకి జారితే గానీ అందడం లేదంటే ఇంకా టైమ్ రాలేదన్నమాట. 40 తీగల చిన్న పెడల్ హార్ప్‌లూ ఉన్నాయి గానీ, ఎదిగే పిల్లలకు అవి ఎన్నాళ్లో రావు.

కొనేవాళ్లు తీగల మధ్య దూరం, బిగువు తప్పక చూడాలి. ఇవి పెడల్ హార్ప్‌కి దగ్గరగా ఉన్న లీవర్ హార్ప్ తీసుకుంటే రేపు మారినప్పుడు వేళ్లు తడబడవు. మరీ వదులు తీగలకు అలవాటుపడితే మళ్లీ మొదటికొస్తుంది.

అన్నిటికన్నా చెడ్డ దారి, ఏడాదంతా లీవర్ మీద సాధన చేయించి కచేరీ పూట పెడల్ హార్ప్ అద్దెకు తెచ్చి కూర్చోబెట్టడం. ఎర్ర ‘సి’ తీగలు, నల్ల ‘ఎఫ్’ తీగలు రెండింటిలోనూ ఉంటాయి నిజమే, కానీ చెయ్యి చాచాల్సిన దూరం వేరు, లాగాల్సిన బలం వేరు. మారాలనుకుంటే కొన్ని నెలల ముందే మారాలి, లేదంటే ఈ కచేరీ అయ్యాక.