ఆటోనగర్‌లో బ్రేక్ డిస్కులు కొనేవాళ్లు జాగ్రత్త: నేను వాపసిచ్చిన చెడ్డ డిస్కునే ఇంకొకాయనకి అమ్మబోయాడు

విజయవాడ ఆటోనగర్‌లో కారు బ్రేకు సామాను కొనే ఉద్దేశం ఉన్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది, అందుకే వరస కొంచెం అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి. ఫిర్యాదు పెట్టాను కాబట్టి షాపు పేరు ఇక్కడ రాయట్లేదు. వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే డబ్బాల ఫొటోలు పెట్టి "షోరూం రేటులో సగానికే" అంటాడే, ఆయనే. మీలో చాలామందికి ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది.

మాది పాత స్విఫ్ట్ కారు. ముందు చక్రాల బ్రేకు డిస్కులు అరిగి అంచున గట్టు కట్టేశాయి, మందం కూడా డిస్కు మీద కొట్టి ఉండే కనీస కొలత దగ్గరికి వచ్చేసింది, మార్చక తప్పదన్నాడు మా మెకానిక్. తెలిసినవాళ్లు చెప్పారని ఈయన దగ్గరే డిస్కుల జత, ప్యాడ్ల సెట్టు తీసుకున్నాం. పేరున్న కంపెనీ డబ్బా, పైన సీలు, హోలోగ్రాం అన్నీ బాగానే ఉన్నాయి. "కళ్లు మూసుకుని వేసుకోండి సార్, 40 వేల కిలోమీటర్లు ఇటు చూడక్కర్లేదు" అన్నాడు. బిల్లు అడిగితే "స్పేర్ పార్ట్స్" అని ఒక్క ముక్క, కింద అంకె, అంతే. పార్ట్ నంబర్ రాయమంటే "మనం ఎక్కడికి పోతాం సార్, ఇక్కడే కదా ఉండేది" అన్నాడు.

వేసిన రోజు నుంచే కీచు. సిగ్నల్ దగ్గర మెల్లగా ఆగేటప్పుడు పక్క బండివాళ్లు తిరిగి చూసేంత కీచు. ఫోన్ చేస్తే "కొత్త ప్యాడ్లు కదా సార్, సెట్ అయ్యేదాకా అరుస్తాయి" అన్నాడు. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు, కొత్త ప్యాడు డిస్కుకి సమంగా పట్టేదాకా కొంత శబ్దం ఉంటుంది. అందుకే ఖాళీ రోడ్డు చూసుకుని 50 దాకా వెళ్లి, పూర్తిగా ఆపకుండా 10కి తగ్గించి, మళ్లీ చల్లారనిచ్చి, ఇలా పద్ధతి ప్రకారమే చేశాం. శబ్దం ఇసుమంత కూడా తగ్గలేదు. మెకానిక్ చక్రం ఊడదీసి చూస్తే ప్యాడ్ల వెనక ఉండాల్సిన షిమ్‌లు, అంటే పల్చటి రేకులు, లేవు, డబ్బాలో ప్యాడుని పట్టి ఉంచే కొత్త క్లిప్పులు లేవు, పాత క్లిప్పుల్లో ప్యాడు వదులుగా ఆడుతోంది. బ్రేకు వేసినప్పుడు ప్యాడు సన్నగా, చాలా వేగంగా కంపిస్తుంది, ఆ కంపనమే మనకి కీచుమని వినిపించేది, దాన్ని అణచడానికే షిమ్ ఉండేది. క్లిప్పు వదులైతే గుంటల్లో టక్ టక్‌మని కొట్టుకునేది కూడా అదే. షిమ్‌లు, క్లిప్పులు వేరే చోట కొని, కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పిన్నులు బయటికి తీసి తుడిచి, దానికి వాడే సిలికాన్ గ్రీజు పెట్టి బిగిస్తే కీచు చాలావరకు పోయింది. ఆ ప్యాడ్ల వెనక ప్లేటు మీద పార్ట్ నంబర్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు, ప్యాడు ఏ రకం మెటీరియలో చెప్పే అక్షరాలు కూడా లేవు. డబ్బా మీద మాత్రం అన్నీ ఉన్నాయి. అప్పటికే నాకు అనుమానం మొదలైంది.

సరే, కీచు వరకు ఎలాగో ఓర్చుకున్నాం. కొన్ని వారాలకి అదురు మొదలైంది. మామూలుగా నడుపుతుంటే ఏమీ లేదు, 80 మీద బ్రేకు తొక్కితే మాత్రం స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకుంటోంది, కాలి కింద పెడల్ కూడా తంతోంది. మళ్లీ ఫోన్. ఈసారి "టైర్లు బ్యాలెన్సింగ్ చేయించండి" అన్నాడు. బ్యాలెన్సింగ్ తేడా అయితే బ్రేకు తొక్కకపోయినా ఒక స్పీడు దాటగానే స్టీరింగ్ ఊగుతుంది, మాకు బ్రేకు తొక్కినప్పుడే వస్తోంది అని చెప్పినా వినలేదు. చేయించాం. పోలేదు. అలైన్‌మెంట్ అన్నాడు. అదీ చేయించాం. పోలేదు. ఆ తర్వాత "వేడిగా ఉన్నప్పుడు నీళ్లు కొట్టి ఉంటారు, డిస్కు వంగిపోతుంది" అన్నాడు. మేం కొట్టలేదు. చివరికి "లేత్ మీద ఒక కట్ వేయించండి సార్, సరిపోద్ది" అన్నాడు. కొత్త డిస్కుని, కొన్న నెల తిరక్కుండానే, నా డబ్బులతో లేత్ మీద పెట్టించమంటున్నాడు!

ఈ మధ్యలోనే అమ్మని తీసుకుని హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. నందిగామ దాటి చిల్లకల్లు టోల్ దగ్గరికి వస్తుంటే ముందు లారీ ఒక్కసారిగా ఆగింది, నేను గట్టిగా తొక్కాను. స్టీరింగ్ పిండిమర మీద చెయ్యి పెట్టినట్టు అదిరిపోయింది, బండి ఎడమకి లాగింది, వెనక సీట్లో అమ్మ ముందు సీటుకి గుద్దుకుంది. లారీకి బారెడు దూరంలో ఆగాం. అమ్మ ఏమీ అనలేదు, నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా వెళ్దాం నాన్నా అంది. మిగతా దారంతా ఎడమ లేన్‌లో 60 దాటకుండా వెళ్లాను.

తిరిగొచ్చాక మా మెకానిక్ పంతం పట్టాడు, ఈసారి నోటి మాటలొద్దు, కొలుద్దాం అన్నాడు. ఆటోనగర్‌లోనే ఇంకో వర్క్‌షాపు నుంచి డయల్ గేజ్, అంటే వంకర ఎంతుందో సూదితో చూపించే పరికరం, తెచ్చాడు. చక్రం తీసి, డిస్కు హబ్‌కి (డిస్కు, చక్రం బిగించే మధ్య భాగం) సమంగా కూర్చునేలా వాషర్లు పెట్టి నట్లు బిగించి, గేజ్ ముల్లు డిస్కు అంచుకి కొంచెం లోపల ఆనించి చేత్తో మెల్లగా తిప్పాడు. సూది సున్నా దగ్గర బయల్దేరి, ఎడమవైపు డిస్కు సగం తిరిగేసరికి 22 గీతలు దాటింది. ఒక గీత అంటే మిల్లీమీటరులో నూరో వంతు. మామూలుగా కారు డిస్కుకి ఇది 5 నుంచి 10 గీతల లోపు ఉండాలి. కుడివైపుది కాస్త నయం.

హబ్‌దే తప్పేమో అని కూడా చూశాం, ఎందుకంటే హబ్ మీద తుప్పు పొర ఉన్నా, గాలి గన్నుతో నట్లు ఎడాపెడా బిగించినా మంచి డిస్కు కూడా వంకరగా కూర్చుంటుంది. డిస్కు తీసి హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో తళతళలాడేలా రుద్ది, గేజ్ హబ్ మీదే పెడితే సూది కదిలీ కదలనట్టుంది. డిస్కు మళ్లీ పెట్టి ఎత్తు ఎక్కడ వస్తోందో అక్కడ, మధ్య టోపీ భాగం మీద పసుపు పెయింట్ మార్కర్‌తో గీత, పక్కన బాణం గుర్తు వేశాడు. ఆ తర్వాత డిస్కుని ఒక బోల్టు పక్కకి తిప్పి బిగించి మళ్లీ కొలిచాడు. ఎత్తు పసుపు గీతతో పాటే పక్కకి జరిగింది. అంటే హబ్‌లో ఏ లోపమూ లేదు, డిస్కే పుట్టుకతో వంకర. మందం కొలిచే మైక్రోమీటర్ పెడితే మందం కూడా చోటుచోటుకీ తేడా వచ్చేసింది. వంకర డిస్కు తిరిగిన ప్రతిసారీ ఒకే చోట ప్యాడుకి తగిలి తగిలి అక్కడ ఎక్కువ అరుగుతుంది, మందం తేడా వచ్చాక ప్యాడు ముందుకీ వెనక్కీ కొట్టుకుని ఆ దెబ్బే స్టీరింగ్‌లోకి, పెడల్‌లోకి వస్తుంది. అందుకే మొదటి రోజు తెలియకుండా కొన్ని వారాలకి బయటపడింది. ఇదంతా వీడియో తీశాను.

వీడియో చూపించి డిస్కులు రెండూ కౌంటర్ మీద పెడితే అప్పుడు చాలా మర్యాదగా మాట్లాడాడు. కంపెనీకి పంపుతాను, వాళ్లు చెక్ చేసి వేరేవి ఇస్తారు, మీరు కంగారు పడకండి సార్ అన్నాడు. రసీదు అడిగితే ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను కదా చాలు అన్నాడు. ఈలోపు బండి ఆపుకోలేం కాబట్టి షోరూంలో డిస్కులు, ప్యాడ్లు కొని వేయించాం. అదే హబ్, అదే కాలిపర్, అదే మెకానిక్, అదే డ్రైవింగ్. అదురు లేదు, కీచు లేదు.

తర్వాత ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాడు. మొన్న నేరుగా షాపుకే వెళ్లాను. కౌంటర్ దగ్గర గుడివాడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు, ఆయనదీ స్విఫ్టే. ముందు న్యూస్ పేపర్ పరిచి దాని మీద డిస్కు, పక్కన కొత్త టేపు వేసిన డబ్బా. డిస్కు ముఖం మీద ఎమరీ పేపర్ కొట్టి, నూనె పట్టించి కొత్తదానిలా మెరిపించారు. కానీ టోపీ భాగం మీద, సరిగ్గా మధ్య రంధ్రం పక్కన, పసుపు గీత. దాని పక్కన బాణం. తుడవడానికి చూశారు, సగం పోయి సగం మిగిలింది.

నాకు ఒక్క క్షణం నోట మాట రాలేదు. ఫోన్‌లో గేజ్ రోజు తీసిన ఫొటో తెరిచి ఆ డిస్కు పక్కన పెట్టాను. "అన్నా, ఇది నేనిచ్చిన డిస్కు కదా" అన్నాను. "ఏ డిస్కు?" అన్నాడు. పెద్దాయనకి ఫొటో చూపించి, బాబాయ్ గారూ, ఇది మా బండిలో పనికిరాదని తీసేసిన డిస్కు, చూడండి అదే గీత అదే బాణం అని చెప్పాను. ఆయన రెండుసార్లు ఫొటో చూశారు, డిస్కు చూశారు, డబ్బులు జేబులో పెట్టుకుని ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయారు.

అప్పుడు మారింది వరస. అప్పటిదాకా సార్, మీరు. ఆయన గుమ్మం దాటగానే "నా బేరం చెడగొట్టడానికి వచ్చావా, నడు బయటికి" అన్నాడు. నేను కదల్లేదు. అప్పుడన్న మాట ఇది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: "ఆయన బండి ఊళ్లో తిరిగేదే, 40 దాటదు, ఆయనకేం తెలుస్తుంది, మధ్యలో నీకెందుకు?"

అంటే వీడికి మొదటి నుంచీ తెలుసు. బ్యాలెన్సింగ్ అన్నప్పుడు తెలుసు, నీళ్లు కొట్టారన్నప్పుడు తెలుసు, లేత్ కట్ అన్నప్పుడు తెలుసు. స్పీడు మీద బ్రేకు తొక్కితే అదురుతుందని తెలిసే, నెమ్మదిగా నడిపేవాళ్లని వెతికి అంటగడుతున్నాడు. ఆ పెద్దాయన ఎప్పుడూ హైవే ఎక్కరా? ఆయన బండి పిల్లలు తీసుకెళ్లరా? బ్రేకు అండీ ఇది, సీటు కవరు కాదు. నా డబ్బు పోయినందుకు అంత బాధ లేదు, ఈ మాటకే రాత్రి నిద్ర పట్టలేదు.

డబ్బు ఇవ్వనన్నాడు, గోడ మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూపించాడు. ఆ బోర్డు చూసి మీరెవరూ వెనక్కి రాకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపం ఉన్న సరుకుని బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అన్యాయమైన వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కంప్లయింట్ పెట్టాను, వీడియో, ఫొటోలు, ఆ ముక్క బిల్లు అన్నీ జత చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తా, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు, రెండేళ్ల దాకా టైముంది, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు.

బయట కొనొద్దని నేను అనట్లేదు, ఆటోనగర్‌లో నిజాయితీగా అమ్మేవాళ్లు బోలెడు మంది ఉన్నారు, మా మెకానిక్‌కి గేజ్ ఇచ్చింది కూడా అక్కడివాళ్లే. కాకపోతే బిల్లులో పార్ట్ నంబర్ రాయించుకోండి, డబ్బా మీద నంబరు, డిస్కు మీద నంబరు ఒకటేనా చూడండి, ప్యాడ్లతో షిమ్‌లు, క్లిప్పులు వచ్చాయో లేదో కౌంటర్ దగ్గరే చూడండి. బిగించేటప్పుడు హబ్ శుభ్రం చేయించి ప్యాడ్లు పెట్టకముందే గేజ్‌తో కొలిపించండి, పట్టుమని పది నిమిషాల పని. వాపసిస్తే రాతపూర్వకంగా తీసుకోండి, ఇచ్చేముందు డిస్కు మీద చెరగని గుర్తు పెట్టండి, పెయింట్ కాదు, సెంటర్ పంచ్‌తో (సుత్తితో కొట్టే మొనదేలిన ఉక్కు కడ్డీ) లోపలివైపు ఒక చుక్క.

ఆ డిస్కు ఇంకా ఆ షాపులోనే ఉంది. నేను అడిగినా ఇవ్వలేదు. మిగిలిన సగం గీత కూడా ఈపాటికి థిన్నర్‌తో తుడిచేసి ఉంటాడు. ఈ మధ్య అక్కడ స్విఫ్ట్‌కి ముందు డిస్కులు కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే, బ్రేకు తొక్కినప్పుడు స్టీరింగ్ అదురుతోందంటే దయచేసి హైవే ఎక్కకండి, ముందు కొలిపించండి. గేజ్ వీడియో అడిగితే పంపిస్తా, మీ మెకానిక్‌కి చూపించుకోవచ్చు.