అమెరికా ఎన్నికల మ్యాపులో చరిత్రను మార్చి చూస్తే: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

అమెరికా రాజకీయాల్లో "అప్పుడు అలా కాకుండా ఇలా జరిగి ఉంటే" అని ఊహించుకునే సరదా ఉన్నవాళ్లు టూ సెవెంటీ టు విన్ సైట్‌లో పాత ఎన్నికల మ్యాపులు తప్పకుండా చూడాలి. ఏళ్ల తరబడి వాడుతున్నా నాకు విసుగు రాలేదు. రాష్ట్రం మీద నొక్కితే రంగు మారుతుంది, ఎలక్టోరల్ ఓట్ల లెక్కా దాంతోపాటే మారిపోతుంది, అంతే పని. ఎలక్టోరల్ ఓట్లంటే అధ్యక్షుణ్ని ఎన్నుకోవడానికి ఒక్కో రాష్ట్రానికి ఉండే ఓట్లు, దాదాపు అన్నిచోట్లా రాష్ట్రంలో గెలిచినవాడికే అన్నీ పోతాయి, మొత్తం 270 వస్తే గెలుపు.

నేను ఎక్కువగా తెరిచేది 1968. రిపబ్లికన్ నిక్సన్‌కి 301, డెమొక్రాట్ హంఫ్రీకి 191, నల్లవాళ్లను వేరుగా ఉంచాలనే మూడో పార్టీ అభ్యర్థి వాలెస్‌కి 46. అప్పట్లో 40 ఓట్లున్న కాలిఫోర్నియా ఒక్కటి హంఫ్రీకి ఇచ్చి చూడండి, నిక్సన్ 261 దగ్గర ఆగిపోతాడు, ఎవరికీ 270 రావు, నిర్ణయం ప్రతినిధుల సభకు పోతుంది, అక్కడ రాష్ట్రానికి ఒక్క ఓటే. వాలెస్ కోరుకున్నదీ ఆ చిక్కుముడే. పౌరహక్కుల మీద అతను ఏం బేరం పెట్టేవాడో తలచుకుంటేనే టెన్షన్.

2000లో రిపబ్లికన్ బుష్, డెమొక్రాట్ గోర్ పోటీ గురించి అందరూ ఫలితం తేల్చింది ఫ్లోరిడా అనే అంటారు. వెస్ట్ వర్జీనియా 5 ఓట్లు గోర్‌కి పడి ఉంటే బుష్ 271 నుంచి 266కి దిగేవాడు, ఫ్లోరిడాతో పనే ఉండేది కాదు. 1980లో రిపబ్లికన్ రీగన్ గాలిలో కూడా డెమొక్రాట్ కార్టర్‌ని వదలని బొగ్గు గనుల రాష్ట్రం అది!

ఇలాంటి మ్యాపులన్నిటికీ ఉన్న లోటు ఒకటే, మార్చిన రాష్ట్రం ఒంటరిగా మారుతుంది. 1964లో రిపబ్లికన్ గోల్డ్‌వాటర్‌కి సొంత అరిజోనాతో పాటు దక్షిణాదిలో అయిదు రాష్ట్రాలు దక్కాయి, అదే ఎన్నికలో 1856 నుంచి ప్రతిసారీ రిపబ్లికన్లకే వేసిన వెర్మాంట్ డెమొక్రాట్ జాన్సన్ వైపు వచ్చింది. ఈ రెండు మార్పులూ ఒకదానితో ఒకటి ముడిపడినవే. ఆ అయిదింటినీ డెమొక్రాట్లకు తిప్పేసి వెర్మాంట్‌ని అలాగే వదిలేస్తే కథ అతకదు. ఆ మార్పు ప్రభావం తర్వాతి ఎన్నికకూ చేరదు. 1976లో ఒహాయో, హవాయి రిపబ్లికన్ ఫోర్డ్‌కి ఇస్తే కార్టర్ 297 నుంచి 268కి పడతాడు, కానీ 1980 మ్యాపు తెరిస్తే రీగన్ ప్రభంజనం చెక్కుచెదరదు. ఫోర్డే గెలిచి ఉంటే ధరల మంట మీద జనం కోపం రిపబ్లికన్లకే తగిలేది కదా! వర్జీనియా తప్ప పాత కాన్ఫెడరసీ (అంతర్యుద్ధం నాడు విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు) అంతా 1976లో కార్టర్ వెంట నిలిచింది, మేముండే టెక్సాస్ డెమొక్రాట్లకు వేసిందీ అదే ఆఖరు. ఆ దక్షిణాది ఇంకో పదేళ్లయినా వాళ్లతోనే ఉండేదని నా నమ్మకం.

అందుకే పక్కన నోట్‌బుక్ పెట్టుకుని, ఒక ఏడాది మార్చాక తర్వాతి రెండు ఎన్నికల్లోనూ ఏ ప్రాంతం ఎటు పోతుందో కారణంతో సహా రాసుకోండి. వాడితే లాప్‌టాప్‌లోనే, చిన్న తెర మీద రోడ్ ఐలాండ్, డెలావేర్ వేలికి దొరకవు.