ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఆ ఒక్క టిక్కు: ఏడేళ్ల వాడకం తర్వాత

గుంటూరులో పెళ్లిళ్లకు, రిసెప్షన్లకు స్టేజీ వెనక ఎల్ఈడీ వాల్ మీద తిరిగే లూపులు (ఆగకుండా మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వీడియోలు) చేయడం నా పని. ఏడేళ్లుగా ఆఫ్టర్ ఎఫెక్ట్స్ (కదిలే బొమ్మలు, ఎఫెక్టులు చేసే అడోబీ సాఫ్ట్‌వేర్) తెరవని రోజు లేదు. అందులో ఏ ఎఫెక్టు ఎలా వాడాలో చెప్పే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. నాకు దాని మీద ఇంత ప్రేమ రావడానికి కారణం మాత్రం రెండర్ (చేసిన పనిని వీడియో ఫైలుగా తీయడం) సెట్టింగ్స్ విండోలో అట్టడుగున ఉండే ఒక టిక్కు. దాని పేరు ‘స్కిప్ ఎగ్జిస్టింగ్ ఫైల్స్’. మొదటి మూడేళ్లు నేను దాన్ని ముట్టుకోనే లేదు.

అప్పట్లో ఏ లూపుకు ఆ లూపు ఒకే మూవ్ (.mov) వీడియో ఫైలుగా తీసేవాణ్ణి. రాత్రి పదింటికి క్యూలో పెట్టి పడుకోవడం, తెల్లవారి లేచి చూసుకోవడం. ఒక రాత్రి కరెంటు పోయింది, కాసేపటికి యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. పొద్దున చూస్తే 41 జీబీ ఫైలు డ్రైవులో భద్రంగా ఉంది గానీ ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోదు. ఏ ఫ్రేము (వీడియోలోని ఒక్కో బొమ్మ) ఎక్కడుందో చెప్పే చిట్టాను ఇలాంటి ఫైలు చివర్లో, మూసేటప్పుడు రాసుకుంటుంది. మధ్యలో ఆగితే ఆ చిట్టా ఉండదు. లోపల బొమ్మలన్నీ ఉన్నా లేనట్టే. ఆ రోజు పార్టీకి పాత లూపులు ఇచ్చి, సగం డబ్బులే తీసుకుని వచ్చాను.

ఆ తర్వాతే పీఎన్‌జీ సీక్వెన్స్‌కు మారాను. అంటే ఒక్కో ఫ్రేమూ ఒక్కో ఫైలు. రెండర్ సెట్టింగ్స్‌లో ‘మల్టీ మెషీన్ సెట్టింగ్స్’ అనే టెంప్లేటు ముందే ఉంటుంది, అది ఎంచుకుంటే ఆ టిక్కు దానంతటదే పడుతుంది. ఇక రెండర్ మొదలైనప్పుడు ఫోల్డర్‌లో ఆ నంబరు ఫైలు ఉంటే దాటేస్తుంది, లేకపోతే రెండర్ చేస్తుంది. విషయం అంతే.

దాని విలువ నాకు తెలిసింది తెనాలి పెళ్లి రాత్రి. తొమ్మిది లూపులు, ఒక్కోటి నిమిషం, సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ఒక్కోదానికి 1,500 ఫ్రేములు. మొత్తం 13,500. రాత్రి పదింటికి బ్యాచ్ ఫైలు నడిపి పడుకున్నాను. ఏఈరెండర్ (నల్లటి కమాండ్ విండోలోంచి రెండర్ చేయించే, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌తోనే వచ్చే ప్రోగ్రాం) కోసం లూపుకో లైను రాసుకున్న ఫైలు అది. ఒక్కో లూపుకూ ప్రోగ్రాం కొత్తగా మొదలవుతుంది కాబట్టి రాత్రంతా ర్యామ్ పేరుకుపోయే గొడవ నాకు బాగా తగ్గింది. మూడూ ఇరవైకి ఫ్యాను ఆగేసరికి మెలకువ వచ్చింది. కరెంటు వచ్చింది అయిదుకు కాస్త ముందు. ఆ గంటన్నర నేను పడ్డ టెన్షన్ చెప్పలేను. ముహూర్తం మనకోసం ఆగదు కదా.

సిస్టం ఆన్ చేసి అదే బ్యాచ్ ఫైలును మళ్లీ నడిపాను. అంతకు మించి ఏమీ చేయలేదు. అయిపోయిన అయిదు లూపులనూ గబగబా దాటేసి, ఆరో లూపులో సగానికి ముందు ఎక్కడ ఆగిందో అక్కడికి వెళ్లి పని అందుకుంది. ఆ నల్ల విండోలో ఫ్రేము నంబర్లు మళ్లీ కదలడం చూసినప్పటి సంతోషం నాకిప్పటికీ గుర్తుంది. మిగిలినవి అయిదు వేల పైచిలుకు ఫ్రేములు. అవి నడుస్తుండగానే పూర్తయిన సీక్వెన్స్‌లను ఎంపీ4 వీడియోలుగా చేసుకుంటూ వచ్చాను. ఎనిమిదిన్నరకు ఆఖరిది అయిపోయింది. డెకరేషన్ అన్న ఫోన్: “తమ్ముడూ, ఎల్ఈడీ వాళ్లు వచ్చేశారు, ఫైల్స్ ఏవి?” “బయల్దేరుతున్నా అన్నా” అన్నాను.

బయల్దేరే ముందు ఆరో లూపు ఒకసారి ప్లే చేశాను. మంచిపని చేశాను. 25 సెకన్లు దాటాక తెర ఒక్కసారి నల్లగా మెరిసింది. ఫోల్డర్‌లో ఫైళ్లను సైజు వారీగా పేర్చి చూస్తే 641వ ఫ్రేము 0 కేబీ. కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఫ్రేము అది. ఆ టిక్కు ఫైలు పేరు ఉందా లేదా అనే చూస్తుంది, లోపల బొమ్మ ఉందో లేదో చూడదు. ఉంది కదా అని దాటేసింది. ఆ ఒక్క ఫైలు తీసేసి మళ్లీ నడిపితే ఆ ఒక్క ఫ్రేమే రెండర్ అయింది. అప్పట్నుంచి రెండర్ మధ్యలో ఆగిన ప్రతిసారీ ముందు సైజు చూసి, తేడాగా ఉన్నవి తీసేశాకే మళ్లీ మొదలుపెడుతున్నాను. ఈ పని మీరూ తప్పకుండా చేయండి.

ఆగిన కారణం పట్టుకోవడానికీ సీక్వెన్స్ పనికొస్తుంది. ఒక ప్రాజెక్టు ప్రతి రాత్రీ 812వ ఫ్రేము దగ్గరే ఆగిపోయేది. 25తో భాగిస్తే ముప్పైరెండున్నర సెకన్లు. టైమ్‌లైన్‌లో సరిగ్గా అక్కడ వేరేవాళ్ల ప్లగిన్‌తో (సాఫ్ట్‌వేర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) చేసిన పూలవాన మొదలవుతోంది. ఆ లేయరును విడిగా రెండర్ చేసి పెట్టుకుంటే మళ్లీ ఆగలేదు. ఒకే ఫైలుగా తీసే రోజుల్లో ఇది కనిపెట్టడానికి నాకు వారం పట్టేదేమో.

రెండు సిస్టంలు ఒకే ఫోల్డర్‌లోకి రెండర్ చేసి పని పంచుకోవచ్చన్నది కూడా ఈ టిక్కు గొప్పే. దీన్ని ఒకప్పుడు అందరికీ చెప్పేవాణ్ణి, ఇప్పుడు కాస్త తగ్గించాను. బావమరిది లాప్‌టాప్‌ను అలా కలిపినప్పుడు అందులో అను ఫాంట్లు (తెలుగు రాయడానికి వాడేవి) లేవు. వధూవరుల పేర్లు కొన్ని ఫ్రేముల్లో తెలుగులో, కొన్నింట్లో అర్థంకాని ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చి తెర మీద గిజగిజలాడాయి. వెర్షను, ఫాంట్లు, ప్లగిన్లు రెండింట్లోనూ ఒకేలా ఉంటేనే ఆ పనికి దిగండి.

ఇంకో సంగతి. సీక్వెన్స్‌ను ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి తిరిగి తెచ్చుకునేటప్పుడు ప్రిఫరెన్సెస్‌లో మార్చకపోతే సెకనుకు 30 ఫ్రేములుగా తీసుకుంటుంది. నిమిషం లూపు 50 సెకన్లకే అయిపోతుంది. పాటకు కట్టిన లూపైతే మొత్తం తప్పిపోతుంది. ఇంపోర్ట్ పేజీలో దాన్ని 25 చేసి పెట్టుకోండి.

డ్రైవులో చోటు కూడా చూసుకోవాలి. తెనాలి పని ఒక్కటే దాదాపు 80 జీబీ. అన్ని చిన్న ఫైళ్లను పాత హార్డ్ డిస్కు మీదికి ఎక్కించడానికి పట్టే సమయం విసుగు తెప్పిస్తుంది. నాకు ఎస్ఎస్‌డీ ఉంది కాబట్టి సరిపోతోంది.

నావి నిమిషం లూపులు, శబ్దం అక్కర్లేనివి, పొద్దున్నే ఇవ్వాల్సినవి. నా పనికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఏడేళ్లలో నాకు దొరకలేదు. అరగంట వీడియోలు ఆడియోతో సహా తీసేవాళ్లకు శబ్దాన్ని విడిగా తీసి తర్వాత కలుపుకునే పని అదనం, వాళ్లకు ఇది ఎంతవరకు నచ్చుతుందో మరి. మీ ఊళ్లో రాత్రిపూట కరెంటు పోతూ ఉంటే మాత్రం ఈసారి రెండర్ పెట్టేముందు ఆ టిక్కు పెట్టి చూడండి.