తప్పు కనబడింది: నలుగురిలో చెప్పాలా, పక్కకు పిలవాలా, మెమో ఇవ్వాలా?

షిఫ్టులో ఒక మనిషి తప్పు చేస్తూ కంటబడ్డాడు. సూపర్‌వైజర్‌కు మూడు దారులున్నాయి. అక్కడే అందరి ముందూ చెప్పవచ్చు, పక్కకు పిలిచి మాట్లాడవచ్చు, లేదా కాగితం మీద పెట్టవచ్చు. విశాఖలో గాజువాక ఆటోనగర్ షెడ్డులోనైనా, పరవాడ ఫార్మా సిటీలో బ్యాచ్ నడిచేచోటైనా, రుషికొండ ఐటీ ఆఫీసులోనైనా తేల్చుకోవలసింది ఇదే. చాలా సందర్భాల్లో రెండోదే మేలని మా అభిప్రాయం. అయితే ఒక్కచోట మాత్రం రెండోదాని కోసం ఆగితే ప్రాణం పోవచ్చు.

ముందు ఆ సందర్భమే చూద్దాం. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. పని తొందరగా తెమలాలని కొందరు చక్రాన్ని కప్పి ఉంచే గార్డు విప్పేసి, దానికే ఏడంగుళాల వీలు (అరగదీసే చక్రం) బిగిస్తారు. ఆ వీలు తట్టుకునేది దాదాపు 8,500 చుట్లే, ఆ అంకె దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. అది పగిలితే ముక్క ఎటు ఎగిరి ఎవరికి తగులుతుందో తెలియదు. ఇలాంటప్పుడు టీ టైమ్ దాకా ఆగకూడదు. వెనకనుంచి భుజం తట్టినా ప్రమాదమే, ఉలిక్కిపడితే మిషను జారుతుంది. వీలు తిరిగే వరసకు దూరంగా, పక్కగా, అతని చూపు పడేచోట నిలబడి చెయ్యెత్తాలి. మిషను ఆగాక, "అన్నా, ప్లగ్గు తియ్యి. గార్డు పెట్టాకే మొదలెడదాం" అంటే చాలు. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు, పెళ్లాం పిల్లలు గుర్తురారా" వంటివి ఆ నలుగురిలో అక్కర్లేదు. పని ఆపించడం అందరి ముందే జరగాలి. ఎందుకలా చేశావని అడగడం మాత్రం తర్వాత, ఒక్కడినే.

ఇక మిగతా తప్పుల విషయంలో నలుగురిలో కేకలేస్తే దొరికేది ఆ నిమిషం నిశ్శబ్దమే. చూసినవాళ్లు పని నేర్చుకోరు, దాచడం నేర్చుకుంటారు. లాగ్‌బుక్‌లో రెండు రీడింగులు లేవని షిఫ్టు మొదట్లో అందరినీ నిలబెట్టి జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ టాక్‌లో ఒకడిని నిలబెట్టి అడిగి చూడండి. మర్నాటినుంచి గళ్లన్నీ నిండిపోతాయి. గంటకొకటి రాయవలసిన ఎనిమిది రీడింగులూ షిఫ్టు చివర ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాసినట్టు ఉంటాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ట్యాంకునుంచి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి స్టైరీన్ అనే విషపు ఆవిరి వచ్చిన ఊరు మనది. ఒక రీడింగు విలువేమిటో ఇక్కడివాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఆఫీసుల్లో వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి అడగడం కూడా నలుగురిలో తిట్టడమే. పైగా అది ఫోన్లలో నిలిచిపోతుంది.

పక్కకు పిలిచి మాట్లాడడం తేలికనుకుంటారు గానీ చెడిపోయేది ఎక్కువగా అక్కడే. మొదటి తప్పు వేళ. షిఫ్టు చివరి పావుగంటలో పిలిస్తే అతని మనసంతా గేటు బయట కంపెనీ బస్సు మీద ఉంటుంది. అదే షిఫ్టులో, పని ఊపు తగ్గిన సమయంలో పది పదిహేను నిమిషాలు చాలు. రెండోది చోటు. అద్దాల క్యాబిన్‌లో కూర్చోబెడితే బయట అందరూ చూస్తూనే ఉంటారు, స్టోరు వైపు నడుస్తూ మాట్లాడడం నయం.

మొదలు చూసినదానితోనే పెట్టాలి. "నీకు నిర్లక్ష్యం ఎక్కువ" అంటే అతను తనను తాను కాపాడుకునే పనిలో పడతాడు. "ఈ షిఫ్టులో నాలుగు గంటలదీ అయిదు గంటలదీ రీడింగు లేవు. ఏమైంది?" అని ఆగండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకోండి. ఆ మౌనం భరించలేక మనమే జవాబు అందించేస్తే అసలు కారణం బయటికి రాదు. తెలియక చేసి ఉండవచ్చు. గేజి పనిచెయ్యక పోయి ఉండవచ్చు. "ముందు లోడింగు చూడు" అని ఇంకెవరో పంపి ఉండవచ్చు. లేదా అన్నీ తెలిసే వదిలేసి ఉండవచ్చు. మొదటిదానికి నేర్పాలి, రెండోదానికి గేజి మార్పించాలి, మూడోదానికి ఆ పంపినవారితో మాట్లాడాలి. మందలింపు చివరిదానికే. చాలామంది నాలుగింటికీ అదే మందు వేస్తారు.

పాత చిట్టా విప్పకూడదు. తిట్టు చేదు తెలియకూడదని ముందూ వెనకా పొగడ్తలు పూసినా అసలు మాట ఏదో అతనికి అందదు. "సర్లే, పర్లేదు" అని ముగిస్తే నిజంగానే పర్లేదనుకుంటాడు. మారవలసింది ఒక్కటే చెప్పి, అతని నోట మళ్లీ చెప్పించి, డైరీలో తేదీతో రెండు వాక్యాలు రాసుకోండి. వారం తర్వాత వెళ్లి చూడండి. ఆ వారం చూపు లేకపోతే మొదటి మాట వృథా. తనకంటే పెద్ద వయసు ఫిట్టరుతో మాట్లాడే కుర్ర ఇంజినీరు "మాస్టారూ, మీరు" అనే మాట్లాడాలి. పని విషయం అంత గట్టిగానే చెప్పవచ్చు. ఒడిశా, బిహార్ మనుషులైతే వాళ్ల భాష తెలిసినవాడిని తోడు పెట్టుకోండి, అయితే అతను కాంట్రాక్టరు మనిషి కాకూడదు.

ఇక మెమో. మాట్లాడినా మారనప్పుడు అది పనికొస్తుంది. దొంగతనం, కొట్లాట, తాగి రావడం వంటివైతే నేరుగా ఇవ్వాలి. కోపం మీద ఉన్న గంటలో రాయకండి. తేదీ, వేళ, చోటు, ఏం జరిగిందో రాసి సంజాయిషీ అడగాలి. "మీరు దోషి" అని ముందే రాస్తే తర్వాత విచారణకు విలువ ఉండదు. అతను చదవగల భాషలో ఉండాలి, జవాబుకు స్టాండింగ్ ఆర్డర్లలో (కంపెనీ ఉద్యోగ నియమావళిలో) ఉన్నంత గడువివ్వాలి. తీసుకోనంటే ఇద్దరు సాక్షుల సంతకంతో ఆ మాట రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. ఫిర్యాదు చేసినవారే విచారణాధికారి కాకూడదు. "సగం రోజు జీతం కట్" అని నోటిమాటగా శిక్ష వెయ్యడం చెల్లదు. సంజాయిషీ వినకుండా జరిమానా వెయ్యకూడదు, వేసినా ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు.

కాంట్రాక్టు కార్మికుడికి మాత్రం కంపెనీ లెటర్‌హెడ్ మీద మెమో ఇవ్వకండి. అతని మీద అజమాయిషీ నేరుగా కంపెనీదేనని రేపు ఆ కాగితమే సాక్ష్యమవుతుంది. జరిగింది కాంట్రాక్టరుకు రాసి పంపితే, ఇవ్వవలసిన మెమో అతనే ఇస్తాడు.